గిర్ని ఆపమన్నది నేనే

ఇరవై ఏడేళ్లు ఈ పని చేశాను. పిల్లల మనసుకు వచ్చే కష్టాలు చూసే విభాగంలో సోషల్ వర్కర్‌ని. ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే మొదట్లో ఆ పొడుగాటి పేరంతా గర్వంగా చెప్పేదాన్ని. వినేవాళ్ల మొహాలు చూశాక మానేశాను. "పిల్లల ఇళ్లకు పోయి చాయ్ తాగుతా" అనడం మొదలుపెట్టాను. అదేం అబద్ధం కాదు. సంతోష్‌నగర్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా, అటు కంచన్‌బాగ్ దాకా నేను చాయ్ తాగని గల్లీ లేదు. నాకు షుగర్ కూడా ఆ చాయ్‌ల వల్లే వచ్చిందని మా ఆయన ఇప్పటికీ అంటాడు.

నాకు కోపం ఎక్కువ. ఈ పనికి కోపం పనికిరాదని శిక్షణలో చెప్పారు. పిల్లల మీద నాకెప్పుడూ రాలేదు, అది నిజం. పెద్దవాళ్ల మీద మాత్రం రోజుకొకసారైనా వచ్చేది. పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకునే "దీనికి బుర్ర లేదు మేడమ్" అనే తల్లి మీద, "రెండు తగిలిస్తే అన్నీ సర్దుకుంటయ్" అనే తండ్రి మీద, "మీరు కొంచెం తొందరగా బాగుచేసి పంపండి" అని చీటీ రాసే బడి మీద. పిల్లలేమన్నా మిక్సీలా, రిపేరు చేసి పంపడానికి? ఈ మాట నేను ఒక హెడ్ మాస్టరు మొహం మీదే అన్నాను. ఆయన మా ఆఫీసుకు ఫిర్యాదు రాశాడు. అదింకా ఫైల్లో ఉండే ఉంటుంది.

నా పని తీరు వేరు. ఇళ్లకు వెళ్లేటప్పుడు ఆఫీసు జీపును గల్లీ మొదట్లోనే ఆపించేదాన్ని. జీపు మీద మా విభాగం పేరు పెద్దగా రాసి ఉండేది. అది ఒక ఇంటి ముందు పది నిమిషాలు ఆగితే చాలు, మర్నాటికల్లా ఆ ఇంటి పిల్లకు పిచ్చి అని గల్లీ అంతా తీర్మానం చేసేస్తుంది. అందుకని ఫైలు జీపులో వదిలేసి, భుజానికి కూరగాయల సంచి తగిలించుకుని నడిచి వెళ్లేదాన్ని. ఎవరన్నా "కౌన్ హోనా?" అని, ఎవరు కావాలని ఆపితే ఆ ఇంటి చుట్టాన్నని చెప్పేదాన్ని. అట్లా ఆ చుట్టుపక్కల నాకు లెక్కలేనంత మంది మేనకోడళ్లు, మేనల్లుళ్లు పుట్టుకొచ్చారు.

ఆ మేనకోడళ్లలో ఒకదాని గురించి చెప్తాను. నేను బాగుచేసిన పిల్లల గురించి చెప్పమంటే రాత్రి దాకా చెప్పగలను, నోట్లో నువ్వుగింజ నానని మనిషిని. కాని నాకు ఎక్కువ గుర్తుండేది ఈ పిల్లే. దీన్ని నేను చేజేతులా చెడగొట్టాను.

ఎనిమిదేళ్ల పిల్ల, మూడో తరగతి. వాళ్ల అమ్మ మా దగ్గరకు తీసుకొచ్చేసరికి, బడిలో చేరిన రోజు నుంచి ఆ పిల్ల అక్కడ ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. మూత్రానికి వెళ్లాలన్నా నోరు విప్పేది కాదు, అందుకని బడిలో నీళ్లు తాగడమే మానేసింది. ఇంట్లో మాత్రం తాతతో, అమ్మతో మామూలుగా మాట్లాడేది. చెవులు బాగున్నాయి, గొంతు బాగుంది, పరీక్షలన్నీ అయ్యాయి. మాట రావాలని వస కొమ్ము అరగదీసి నాలుక మీద రాశారు, దర్గాకు తీసుకుపోయి ఊదించారు, మెళ్లో తాయెత్తు కట్టించారు. వాటిని నేనెప్పుడూ తప్పు పట్టలేదు. పిల్ల కోసం వాళ్లకు తెలిసిన తలుపులన్నీ కొట్టి చివరకు మా తలుపు కొట్టారు.

మా డాక్టరు చూసి, ఇది మొండితనం కాదు, భయం అన్నారు. బడిలో అడుగుపెట్టగానే గొంతు పట్టేస్తుంది, మాట్లాడాలని ఉన్నా రాదు, బలవంతం చేస్తే ఇంకా బిగుసుకుంటుంది, నిదానంగా పోవాలి అన్నారు. నిదానం ఎక్కడుంది? బడి హెడ్ మేడమ్ ఆ తల్లికి ముందే చెప్పేసింది. యాన్యువల్ పరీక్షల్లో ఓరల్ ఉంటుంది, ఓరల్ చెప్పకపోతే టీసీ తీసుకుని ఇట్లాంటి పిల్లల బడి ఏదన్నా చూసుకొమ్మంది. పరీక్షలకు మూడు నెలలు కూడా లేవు.

నేను వాళ్లింటికి వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. పిల్ల నాతో బొమ్మలు వేసేది, అష్టాచెమ్మా ఆడేది, నన్ను ఓడించి నవ్వేది. నాతో మాట మాత్రం లేదు, నవ్వు కూడా చప్పుడు లేకుండానే. ఒకరోజు వాళ్ల తాత నన్ను గుమ్మం దాకా సాగనంపుతూ అన్నాడు.

"గిట్ల ఇంట్ల కూసుంటే మీకేం తెలుస్తది మేడమ్? శనివారం మన గిర్నీకి రాండ్రి. అక్కడ చూడుండ్రి దీని నోరు."

సంతోష్‌నగర్‌లో ఆయనకు పిండి గిర్ని ఉంది. వాళ్ల నాన్న పెట్టింది. కొడుకు, అంటే పిల్ల తండ్రి, కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ ఉద్యోగానికి పోయాడు, ముసలాయన మాత్రం గిర్నీని వదల్లేదు. తలా కనుబొమ్మలూ పిండితో తెల్లగా ఉండి, అసలు జుట్టు రంగేమిటో నాకు చివరిదాకా తెలియలేదు. గొట్టం నుంచి పడే పిండిని బొటనవేలితో ఒక్కసారి రాసి చూసి, "రవ్వ తగుల్తుంది" అని రాయి బిగించేవాడు. ఆయన్ను నేను బాపు అనేదాన్ని.

శనివారం వెళ్లాను. మోటారు తిరుగుతోంది. ఆ చప్పుడుకు నా పళ్లు కూడా అదిరాయి. డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు, ఆ వరస ముందు బోర్లించిన డబ్బా మీద ఎక్కి నిలబడి మా పిల్ల అరుస్తోంది. ఎవరి గోధుమలు అయ్యాయో, ఎవరి జొన్నలు పోస్తున్నారో, ఎవరు వరస తప్పారో, అంతా దక్ఖనీ ఉర్దూలో, నిప్పులు చెరుగుతూ. తొందరపడుతున్న ఒక పెద్దామెను ఖాలా, అంటే పిన్నీ అని పిలిచి ఆపి ఇట్లా అంది.

"ఠైరో ఖాలా. అబ్బీచ్ మిర్చీ పీసే. పైలే చావల్ డాల్నా, బాద్ మే తుమ్హారా గెహూఁ."

"జల్దీ కర్ బేటీ, రోటీ డాల్నా హై."

"జల్దీ హై తో మిర్చీ కీ రోటీ ఖావ్."

తొందరైతే కారం రొట్టెలు తినమంది. మిర్చి పట్టాక గిర్నీలో పిడికెడు బియ్యం తిప్పి కారం వదలగొట్టకుండా గోధుమ పోయరు. ఆ పద్ధతి తాత దగ్గర నేర్చుకుంది. నాకు సగమే వినపడింది, మిగతా సగం బాపు చెప్పాడు. నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. అంతలో డబ్బా నిండి, బాపు చెయ్యి గోడ మీది స్విచ్చు దగ్గరకు పోయింది. పిల్ల ఆ చెయ్యి చూసింది. మోటారు ఆగకముందే దాని నోరు ఆగిపోయింది. మళ్లీ స్విచ్చు వేస్తే మళ్లీ మొదలు. ఆ చప్పుడు చుట్టూ ఉన్నంతసేపే దానికి భయం ఉండదు, తన మాట ఎవరికీ పూర్తిగా వినపడదు కదా.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఆనందంతో. దారి దొరికింది. ఆ దారిలో ఎలా నడవాలో కూడా నాకు తెలుసు. చప్పుడు కొంచెం కొంచెం తగ్గించాలి. ఇవాళ గిర్ని లోపల, వచ్చే వారం గుమ్మంలో, ఆ తర్వాత అరుగు మీద, అట్లా నెలల తరబడి. మా విభాగంలో కొత్తగా చేరిన వర్కర్లకు ఏళ్ల తరబడి నేనే పాఠం చెప్పాను, మాట్లాడని పిల్ల మాట్లాడితే ఏమీ జరగనట్టే ఉండండి, పప్పు వడ్డిస్తే తిన్నట్టు తినేసి ఊరుకోండి అని. అన్నీ తెలిసి నేనేం చేశానో వినండి.

నాకు తొందర పుట్టింది. బడి ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. నా రిటైర్మెంటు కూడా దగ్గర పడుతోంది, వెళ్లేముందు ఒక గెలుపు చూపించి వెళ్లాలని లోపల్లోపల ఒక కుతి. హెడ్ మేడమ్‌కు ఈ పిల్ల మాట్లాడగలదని రుజువు కావాలి. సరే, రుజువు చూపిస్తానని పిల్ల క్లాసు టీచర్‌ను వచ్చే శనివారం గిర్నీకి రమ్మన్నాను. చిన్న వయసు, మంచి మనిషి, వెంటనే ఒప్పుకుంది. బాపుకు నా పథకం చెప్పాను. గోడ మీది స్విచ్చు కాకుండా, వెనక మీటరు దగ్గర ఉన్న మెయిన్ తీసేయాలి. పిల్ల మంచి లొల్లిలో ఉన్నప్పుడు, వీపు అటు ఉన్నప్పుడు. చప్పుడు పోయినా దాని మాట సాగుతుంది. ఒక్కసారి తన గొంతు తను వింటే భయం తీరిపోతుంది. ఎంత తెలివో చూడండి.

బాపు తల గోక్కున్నాడు. "వద్దేమో మేడమ్. అది నా చెయ్యి చూసుకుంట మాట్లాడ్తది."

"ఏం ఫికర్ చెయ్యకు బాపు. నేనున్న కదా" అన్నాను.

శనివారం వచ్చింది. టీచర్ దుపట్టా తలమీదికి లాక్కుని, చేతిలో ఒక డబ్బా పట్టుకుని వరస చివర నిలబడింది. పిల్ల చూడలేదు. ఒక ఖాలా నానబెట్టిన బియ్యం తెచ్చి పొడి గిర్నీలో పోయమని పట్టుపట్టింది, పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని ఆమె మీదికి లేచింది. నేను బాపుకు సైగ చేశాను. ఆయన వెనక్కి పోయి మెయిన్ తీశాడు. మోటారు మెల్లగా దిగి ఆగింది. పిల్ల ఆ కోపంలో చూసుకోలేదు. ఆ చప్పుడును మించి వినపడాలని ఎత్తిన గొంతు, చప్పుడు లేని ఆ దుకాణంలో ఖంగుమంది.

"గీలా చావల్ సూఖీ గిర్నీ మే నై డాల్తే బోలే తో నై డాల్తే ఖాలా."

రోడ్డు మీద పోయేవాళ్లు కూడా ఆగి చూశారు.  ఆ తర్వాత చప్పట్లు. మొదట కొట్టింది నేనే. ఇది నేను ఎవరి మీదికీ తోయలేను, అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నేనే కొట్టాను. ఖాలా పిల్ల చెంపలు నిమిరి తన కణతల దగ్గర మెటికలు విరిచింది. "మాషా అల్లా, బచ్చీకీ ఆవాజ్ దేఖో" అంది. టీచర్ వరసలోంచి ముందుకొచ్చి, కళ్లలో నీళ్లతో, పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"ఎంత మంచిగ మాట్లాడ్తున్నవ్ రా బంగారం. మరి నా క్లాసుల ఎందుకు మాట్లాడవు?"

ఆ గిర్నీలో ఆ నిమిషాన పిల్లను ప్రేమించని మనిషి లేదు. పిల్ల టీచర్‌ను చూసింది. నన్ను చూసింది. ఆ తర్వాత తిరిగి, మెయిన్ మీద ఇంకా ఉన్న తాత చెయ్యి చూసింది. ఏడవలేదు. డబ్బా మీంచి దిగి, గోధుమ బస్తాల వెనక్కి నడిచిపోయి, గోడకు మొహం పెట్టుకుని కూర్చుంది. నేను పిలిచాను, బాపు పిలిచాడు, కదల్లేదు. వాళ్లమ్మ వచ్చి ఎత్తుకుపోయింది. ఎనిమిదేళ్ల పిల్ల, కాళ్లు నేలకు తగులుతున్నాయి.

ఆ రోజు నుంచి ఇంట్లో కూడా మాట పోయింది. తల్లితో లేదు, తండ్రితో లేదు, తాతతో అసలే లేదు. గిర్నీ వైపు రావడమే మానేసింది. నేను ఇంటికి వెళ్తే తల్లి లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి, గొంతు పెంచకుండా అడిగింది.

"బడిల మాట తెస్తమన్నరు. ఇంట్ల ఉన్న మాట గూడ కొంటబోయిండ్రు. ఇప్పుడేం చెయ్యాలె మేడమ్ నేను?"

 ఇరవై ఏళ్లకు పైగా ఎంతమంది తల్లులను ఓదార్చానో, ఆ తల్లి గుమ్మం మాత్రం తలొంచుకుని దిగాను. తిరిగి వచ్చి జీపులో కూర్చుని ఏడ్చాను. డ్రైవర్ భాయ్ ఏమీ అడగకుండా దిగిపోయి, దూరంగా నిలబడి బీడీ కాల్చుకున్నాడు.

గిర్నీకి వెళ్లి బాపుకు క్షమాపణ చెప్పుకున్నాను. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. ఆయన తిట్టలేదు.

"మీదేముంది మేడమ్. మెయిన్ మీద చెయ్యి నాది. నాతోటే తినేది అది, నా పల్లెంల. ఇప్పుడు దాని పల్లెం అది తీస్కొని అటు మర్లి కూసుంటది."

"చెయ్యి నీదే గాని బాపు, ఆపమన్నది నేను. ఆ మాట పిల్లకు నేనే చెప్పాలె."

"అది గిర్నీకి వస్తలేదు కదా."

"వచ్చేదాక నేనొస్త" అన్నాను.

అట్లా ప్రతి శనివారం డబ్బాలో గోధుమలు పోసుకుని గిర్నీకి వెళ్లడం మొదలుపెట్టాను. సోషల్ వర్కర్‌గా కాదు, పిండి పట్టించుకునే మనిషిగా. మా ఇంట్లో ఉండేది ఇద్దరం, మా ఆయన అన్నం మనిషి. మూడో వారానికి వంటింట్లో పిండి డబ్బాలు చూసి, "హోటల్ పెడుతున్నావా?" అన్నాడు. చెప్పాను. ఆయన ఆ రాత్రి మూడు రొట్టెలు తిన్నాడు. మిగతా పిండి ఇరుగు పొరుగుకు పంచాను.

నాలుగో శనివారం పిల్ల వచ్చింది. తల్లి చెయ్యి పట్టుకుని, డబ్బా ఎక్కకుండా, బస్తా మీద కూర్చుంది. కొంచెం చిక్కింది. వరసలో ఉన్నవాళ్లు పలకరించబోతే బాపు కళ్లతోనే వారించాడు. నేను వెళ్లి దాని పక్క బస్తా మీద కూర్చున్నాను. అది పక్కకు జరగలేదు, నా వైపు చూడనూ లేదు. మోటారు తిరుగుతోంది. నా మాట దానికి తప్ప ఎవరికీ వినపడదు. చెవి దగ్గర వంగి చెప్పాను.

"గిర్ని ఆపమన్నది నేనే. తాత వద్దన్నడు. నేనే ఇనలేదు. టీచర్‌ను తెచ్చింది గూడ నేనే. నిన్ను అడగకుంట చేసిన, తప్పు నాది. ఇంకెప్పుడు నిన్ను అడగకుంట ఏం చెయ్య."

దాని మొహంలో ఏ మార్పూ లేదు. నా పిండి అయింది, తీసుకుని వచ్చేశాను. ఆ తర్వాతి వారం వెళ్తే తాత పల్లెంలో మళ్లీ తింటోందని బాపు చెప్పాడు. మాట మాత్రం లేదు. ఇంకో వారం గడిచింది. పరీక్షలకు ఇక మూడు వారాలు. హెడ్ మేడమ్ మళ్లీ కబురు పంపింది, ఆలోచించుకున్నారా అని. తండ్రి వేరే బడి వాకబు చేయడం మొదలుపెట్టాడు.

ఆ శనివారం నేను బస్తా మీద కూర్చుని ఉన్నాను, మోటారు తిరుగుతోంది. పిల్ల లేచి నిలబడి నా భుజం మీద చెయ్యి వేసింది. నా చెవి దగ్గర ఏదో చెప్పింది. మునుపటిలా అరవలేదు, గుసగుస. ఆ చప్పుడులో దాని ఊపిరి వెచ్చగా తగిలింది తప్ప నాకు ఒక్క ముక్క వినపడలేదు. ఏందమ్మా, మళ్లీ చెప్పు అని నాలుక కొస దాకా వచ్చింది. మళ్లీ చెప్పమంటే మళ్లీ చెప్తుందన్న నమ్మకం లేదు. ఏమీ జరగనట్టు తలూపాను.

"హౌ" అన్నాను, సరే అన్నట్టు.

అది వెళ్లి తన బస్తా మీద కూర్చుంది. బాపు అటువైపు తిరిగి గోధుమలు పోస్తున్నాడు, చూడలేదు. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన. దేనికి హౌ అన్నాను? ఇంకెప్పుడూ గిర్నీకి రావద్దని అడిగిందా? బడి మానేస్తానందా? నన్ను మా ఇంటికి పొమ్మందా?

రాత్రి ఎనిమిదికి వాళ్లమ్మ ఫోన్ చేసింది. 

"మేడమ్, మా పిల్లకు ఏం మాటిచ్చిండ్రు?"

"ఏమన్నది?" అన్నాను.

"ఇప్పుడే నోరు తెరిచింది మేడమ్, నెల దాటినంక. 'సోమవారం ఆంటీ బడిల నా పక్కన కూసుంటది, నేను అడిగిన, హౌ అన్నది' అంటున్నది, ఆంటీ అంటే మీరే. నిజమేనా?"

"నిజమే" అన్నాను. ఫోన్ పెట్టేశాక మా ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను, ఈసారి ఏడుపు వేరు.

సోమవారం పొద్దున్నే బడికి వెళ్లి అడిగితే హెడ్ మేడమ్ ఊరికే ఒప్పుకోలేదు. యాభై ఏడేళ్ల మనిషి మూడో తరగతిలో కూర్చోవడమేంటి, తల్లిదండ్రులు ఏమనుకుంటారు అంది. నాకు కోపం వచ్చింది, ఎప్పటికంటే ఎక్కువే వచ్చింది, కాని ఈసారి మింగేశాను. అడుగుతున్నది నా కోసం కాదు, పిల్ల కోసం. క్లాసు టీచర్ నా పక్కన నిలబడి, "నా క్లాసు, నా బాధ్యత" అంది. ఆ చిన్న టీచర్‌కు అంత ధైర్యం ఉందని నాకు తెలియదు. బయటికొచ్చాక ఆమెకు ఒకటే చెప్పాను. ఏం జరిగినా చూడొద్దు, మెచ్చుకోవద్దు. ఆమె కూడా చప్పట్లు కొట్టిన ఆ శనివారం నుంచి సరిగ్గా నిద్రపోలేదట.

గంట కొట్టేసరికి మూడో వరసలో, గోడ వైపు పిల్ల, దారి వైపు నేను. ఆ బెంచీలు చిన్న పిల్లల కోసం చేసినవి, నా మోకాళ్లు డెస్కు కింద పట్టలేదు. క్లాసు క్లాసంతా నన్నే చూస్తోంది. ముందు బెంచీ పాప వెనక్కి తిరిగి జాలిగా అడిగింది.

"ఆంటీ, నువ్వు ఫెయిలైనవా?"

"హౌ బిడ్డా. మస్తు సార్లు" అన్నాను.

ఆ రోజు ఏమీ జరగలేదు. మర్నాడు కూడా అంతే. మా ఆఫీసులో సెలవు అడిగితే మా పెద్దాయన, ఇన్నేళ్లలో మొదటిసారి, కారణం అడగకుండా సంతకం పెట్టాడు. నేను హాజరుకు చెయ్యెత్తాను, పద్యాలు విన్నాను, ఇంటర్వెల్‌లో పిల్లతో పాటు నీళ్లు తాగాను. అది కూడా తాగింది. గురువారానికల్లా పిల్లలు నన్ను చూడటం మానేశారు, నేను వాళ్లకు పాతబడిపోయాను.

శుక్రవారం ఎక్కాలు. క్లాసంతా లేచి నిలబడి ఏడో ఎక్కం అరుస్తోంది. సెవెన్ వన్స్ ఆర్ సెవెన్, సెవెన్ టూస్ ఆర్ ఫోర్టీన్. నలభై గొంతులు, పైన ఫ్యాను, కిటికీ బయట బస్సులు. పక్కనుంచి నా మోచేతికి ఏదో అదురు తగిలింది. తల తిప్పలేదు. కంటి కొసతో చూస్తే దాని పెదవులు కదులుతున్నాయి, మెడలో నరం కదులుతోంది. ఎక్కం అయిపోయింది, అందరూ కూర్చున్నారు. టీచర్ మాకు వీపు పెట్టి బోర్డు మీద లెక్కలు రాయడం మొదలుపెట్టింది, పిల్లలు తలలు వంచి నోటుబుక్కుల్లో ఎక్కించుకుంటున్నారు. క్లాసంతా చడీచప్పుడు లేదు.

"జర జరుగు ఆంటీ. చెయ్యి ఆడ్తలేదు."

గిర్నీలో అరిచే గొంతు కాదు. చెవిలో గుసగుస కూడా కాదు. ఇంట్లో మాట్లాడే గొంతు అయి ఉండాలి, నేనెప్పుడూ వినలేదు. విసుగ్గా, మామూలుగా, క్లాసులో అందరికీ వినపడేలా. ముందు బెంచీ పాప ఒకసారి తిరిగి చూసి మళ్లీ తన లెక్కలో పడింది. బోర్డు మీద టీచర్ చెయ్యి అంకె మధ్యలో ఆగింది. ఆ నెలాఖరున ఆమె ఈ పిల్ల ఓరల్‌ను గోడ పక్కకు తీసుకుపోయి విన్నది, మార్కులు వేసింది, టీసీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కాని ఆ పూట ఆమె వెనక్కి తిరగలేదు. అందుకే ఇప్పటికీ ఆమెకు దణ్ణం పెడతాను. కాసేపు ఆగి, మిగతా సగం అంకె రాసింది.

నేను జరిగాను. ఇంకా జరుగు అంది. ఇంకా జరిగాను. సగం బెంచీ మీద, సగం గాల్లో, ఒక కాలు దారిలో ఊనుకుని, కళ్ల నీళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తకుండా గంట కొట్టేదాకా అట్లాగే కూర్చున్నాను. అది లెక్కలన్నీ రాసుకుంది.